యంత్రమునకు దుబాసీ

విజయవాడ నుండి మైలవరము మీదుగా తిరువూరునకు పోవు బాటలో ఎ.కొండూరు కలదు. ఇది కృష్ణా డెల్టా కాలువలు చేరని మెట్టసీమ. పూర్వము ఈ వైపున నూజివీడు, మైలవరము జమీందారీలు పేరెన్నిక గన్నవి. 1948లో మద్రాసు ప్రభుత్వము ఎస్టేట్ల రద్దు చట్టము చేసినది. అటుపై జమీందారీ గ్రామములు ఒక్కటొక్కటిగా రైత్వారీ పద్ధతిలోనికి వచ్చినవి. రైతునకు పట్టా ఈయవలెనన్నచో ముందుగా అతని పొలమెంతయో, దాని హద్దులెక్కడివో తేలవలెను. కావున సర్వేయర్లు గొలుసులు పట్టుకొని ఊరూర తిరిగిరి.

ఆ గొలుసు చిరకాలము నాటిది. 1620 ప్రాంతమున ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణిత పండితుడు దానిని ఏర్పరచెను. పొడవు 66 అడుగులు. అందు నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము, వేయి చదరపు లింకులు ఒక సెంటు. నేటికిని మన రైతు తన భూమిని ఎకరములలోను సెంట్లలోను చెప్పుకొనుచున్నాడనగా, తెలిసియో తెలియకయో ఆ గొలుసు లెక్కనే చెప్పుచున్నాడు. ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక్కొక్క పటము గీచి, కొలతలను లింకులలో వేసి, కూర్చిన పుస్తకమునే ఎఫ్.ఎం.బి. అందురు. కాగితము చివికిపోకుండునంత కాలము దానిని విప్పి చదువుటకు కన్నులు, కొంచెము శిక్షణ ఉన్న చాలును.

ఇక నేటి సంగతి. 2020 డిసెంబరు 21వ తేదీన, నాటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట సమీపమందలి తక్కెళ్ళపాడున ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే ప్రారంభమైనది. 2022 ఏప్రిల్ 4 నుండి జగ్గయ్యపేటయు, ఎ.కొండూరును ఎన్టీఆర్ జిల్లాలోనివి. ఈ రీసర్వేలో గొలుసునకు బదులు రోవరు అను సాధనము వచ్చినది. కఱ్ఱకు పైన అమర్చిన ఈ గ్రాహకము ఉపగ్రహముల సంకేతములను అందుకొనును. స్థిరమైన కేంద్రముల నుండి దిద్దుబాట్లు గ్రహించి, తానున్న చోటును కొన్ని సెంటీమీటర్ల తేడాతో చెప్పును. గొలుసుతో దినమంతయు పట్టు పనిని పూటలో చేయగలదు. ఇది గొప్ప ప్రగతి, సందేహము లేదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. రోవరు పలికిన అంకె సిరాతో కాగితము మీద పుట్టినది కాదు. అది యంత్రము కడుపులో పుట్టి, కంప్యూటరులోనికి ప్రవేశించి, అచ్చట అక్షరరూపము దాల్చినది. యంత్రమునకును కంప్యూటరునకును నడుమ మాటలు నడిపిన మధ్యవర్తి ఒకడు కలడు. అతడు లేనినాడు ఆ యంత్రము మూగది. ఆ మధ్యవర్తి పేరే డ్రైవరు. డ్రైవరనగానే బస్సు నడుపువాడు స్ఫురించుట సహజము. కాని ఇచ్చట మాట అది కాదు. మన చరిత్రలో ఇతనికి సరిపోలిన వానిని వెదకినచో దుబాసీయే కనిపించును.

దుబాసీ అనగా ద్విభాషి. ఇరువురి భాషలు ఎరిగినవాడు. కంపెనీ వారి కాలమున దుబాసీ లేక దొరకు దేశము తెలియదు, దేశమునకు దొర తెలియడు. కాలిన్ మెకంజీ దొర పేరు వినని చరిత్ర విద్యార్థి ఉండడు. 1815లో ఆయన భారతదేశమునకు సర్వేయర్ జనరల్ అయ్యెను. పటములు గీయుటయే గాక గ్రామ కైఫీయతులు, శాసనములు, తాళపత్రములు వేలకొలది సేకరించెను. ఆయనకు తెలుగు రాదు, సంస్కృతము రాదు. ఆ వ్రాతలన్నిటిని ఆయనకు అర్థము చేసినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయస్సుననే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. 1821లో మెకంజీ దొరయు గతించెను. ఆ పిమ్మట అంతటి భాండారము చదివి చెప్పువారు కరువై మూలబడినది. 1828లో విల్సన్ పండితుడు దానికి పట్టిక కూర్చెను. జీర్ణించుచున్న స్థానిక చరిత్రలకు తరువాత సి.పి. బ్రౌన్ దొర నకళ్లు వ్రాయించెను. నకలు తీసినవాడు లేకున్నచో ఆ గ్రామ చరిత్రలలో ఎన్ని మిగిలెడివో ఊహింపవచ్చును.

యంత్రముల చరిత్రయందును ఇట్టి పాఠమే కలదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపమున ఆధారరేఖ కొలిచి మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించెను. ఆయన వాడిన థియోడొలైటు బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడిగోపురము పైకి దానిని ఎక్కించుచుండగా త్రాడు పట్టు తప్పి, యంత్రము గోడకు కొట్టుకొని వలయము వంగిపోయినది. లాంబ్టన్ దానిని పారవేయలేదు. ఆరు వారములు దాని యొద్దనే కూర్చుండి స్వయముగా సరిచేసెను. తరువాతి కాలమున ఆర్కాటునకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ అను శిల్పి ఇట్టి పనిలో ఆరితేరి, 1843లో సర్వే శాఖకు యంత్రనిర్మాత పదవిని పొందెను. ఆనాటి యంత్రమునకు దెబ్బ తగిలినచో కంటికి కనిపించెడిది. సుత్తియు ఆకురాయియు పట్టిన చేతికి లొంగెడిది. నేటి కార్డునకు వచ్చు దెబ్బ కనబడదు. కార్డు చెక్కుచెదరకుండును, ఆకాశమున ఉపగ్రహములు తిరుగుచునే ఉండును; నడుమ డ్రైవరు కనుమరుగగును.

ఇప్పుడా కార్డు పుట్టుపూర్వోత్తరములు చెప్పుకొందము. అమెరికా సైన్యము జి.పి.ఎస్. వ్యవస్థకై తొలి ఉపగ్రహమును 1978 ఫిబ్రవరి 22న ఎగురవేసినది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా విమానమును సోవియెట్ యుద్ధవిమానము కూల్చినది. ఆ దుర్ఘటన తరువాత, ఈ వ్యవస్థ సిద్ధమైనప్పుడు సామాన్య ప్రజలకును ఉచితముగా అందునని రీగన్ ప్రభుత్వము ప్రకటించినది. 1995లో వ్యవస్థ పూర్తిగా పనిలోనికి వచ్చినది. మన దేశమును వెనుకబడి ఉండలేదు. శ్రీహరికోట నుండి 2013 జులై 1న తొలి నావిగేషన్ ఉపగ్రహమును, 2016 ఏప్రిల్ 28న ఏడవదానిని ప్రయోగించినది. ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థయందలి గ్రాహకము అంతర్జాతీయ పరిశీలనా జాలములో భాగమై పనిచేసినది.

1992 ప్రాంతమున కెనడాలోని నోవాటెల్ సంస్థ జి.పి.ఎస్. గ్రాహకమును ఒక కార్డుగా చేసి, కంప్యూటరు పెట్టె లోపలి ఐ.ఎస్.ఎ. పట్టీలో గ్రుచ్చునట్లు అమర్చినది. ఆ పట్టీలు 2000 సంవత్సరము తరువాత క్రమముగా మాయమైనవి. ల్యాప్‌టాపు ప్రక్క నుండి దూర్చు కార్డులు వచ్చినవి, అవియు పోయినవి. తరువాత యు.ఎస్.బి. తీగ వచ్చినది. తయారు చేసిన వారును నిలిచి ఉండలేదు. లెక్కలేనన్ని గ్రాహకములలో సర్ఫ్ సంస్థ చిప్పులుండెడివి. 2009లో సర్ఫ్ సంస్థ సి.ఎస్.ఆర్. సంస్థలో కలిసినది, 2015లో క్వాల్‌కామ్ సంస్థ ఆ సి.ఎస్.ఆర్.ను కొన్నది. ఇల్లు రెండు చేతులు మారిన పిమ్మట పాత అటుకమీది సామాను ఎవ్వరు దాచుదురు?

పాత కార్డు కొత్త కంప్యూటరులో పలుకకపోవుటకు ముఖ్యముగా నాలుగు కారణములు కలవు.

మొదటిది, కంప్యూటరు భాష మారుట. ముప్పదిరెండు బిట్ల విండోసునకు వ్రాసిన డ్రైవరు అరువదినాలుగు బిట్ల విండోసులో నడువదు. అదిగాక 2007లో వచ్చిన విస్టా నుండి, అరువదినాలుగు బిట్ల పద్ధతిలో డ్రైవరునకు తయారీదారు సంతకము తప్పనిసరియైనది. సంతకము లేని పాత డ్రైవరును ద్వారము వద్దనే ఆపివేయుదురు. ఇది అన్యాయమనుటకు వీలులేదు. డ్రైవరనునది కంప్యూటరు గర్భగుడిలోనికి పోవు మనిషి. ఊరుపేరు అడుగకుండ పంపిన కీడు కలుగును.

రెండవది, నడుమనున్న చిన్న చిప్పు. గ్రాహకము పలుకునది పాత సీరియల్ పద్ధతి. తీగ చివరనున్నది యు.ఎస్.బి. ఈ రెంటిని కలుపుటకు తైవానులోని ప్రొలిఫిక్ సంస్థ చేసిన పి.ఎల్. 2303 అను చిప్పు ఎన్నో గ్రాహకములలో ఉన్నది. బజారున దానికి నకిలీలు పెరిగినవి. సంస్థ తరువాత విడుదల చేసిన డ్రైవర్లు నకిలీలను, వానితోపాటు తమ సొంత పాత రకములను కూడ నిరాకరించినవి. విండోసులోని పరికరముల జాబితాలో పసుపుపచ్చని గుర్తు పడును. ఈ రకము 2012 నుండి నిలిపివేయబడినది, అమ్మినవారిని అడుగుడు అను అర్థము గల మాటయు కొన్నిట కనిపించును. అమ్మినవాడు ఈపాటికి దుకాణమెత్తివేసి ఉండును!

మూడవది కొంత వినోదకరము. గ్రాహకము క్షణక్షణమును అంకెలు పంపుచుండును. కంప్యూటరు మేల్కొనునప్పుడు ఆ ధార తగిలినచో, విండోసు దానిని పాతకాలపు సీరియల్ మౌసు అని భ్రమపడును. అంతట తెరమీది బాణము దయ్యము పట్టినట్లు నలుమూలల గంతులిడును. తీగ ఊడదీసి, కంప్యూటరు పూర్తిగా లేచిన తరువాత తగిలించినచో చాలును. పరికరముల జాబితాలో లేని మౌసు కనిపించినచో దానిని నిలుపుదల చేయవలెను.

నాలుగవది కాలగణనము. ఉపగ్రహము తిథివారములు చెప్పదు; వారముల సంఖ్య చెప్పును. పాత సంకేతములో ఆ సంఖ్యకు కేటాయించినది పది బిట్లు మాత్రమే. కనుక 1024 వారములు నిండగానే మరల సున్న వచ్చును. 1980 జనవరి 6న మొదలైన లెక్క 1999 ఆగస్టు 21 అర్ధరాత్రి ఒకమారు, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి మరియొకమారు తిరిగినది. మరల 2038 నవంబరులో తిరుగును. దీనికి ఏర్పాటు లేని కార్డు చోటు సరిగా చెప్పుచునే తేదీని మాత్రము పందొమ్మిదిన్నర యేండ్లు వెనుకకు చెప్పవచ్చును. మన ప్రభవాది షష్టిసంవత్సర చక్రము వంటిదే ఇదియును. ఏ చక్రమో తెలియక సంవత్సరము పేరు మాత్రము చెప్పిన శాసనకాలమును నిర్ణయించుట ఎంత కష్టమో చరిత్రకారులు ఎరుగుదురు. హద్దు కొలిచిన తేదీయే తప్పినచో ఆ కొలత సాక్ష్యమునకు విలువ తగ్గును.

ఇక డ్రైవరును వెదకి నిలుపు విధము. ముందుగా కార్డు పేరును నమ్మవద్దు. పైపెట్టె మీది పేరు అమ్మినవానిది, లోపలి చిప్పు మరియొకనిది. పరికరముల జాబితాలో ఆ వస్తువు వివరములు తెరచినచో రెండు గుర్తింపు సంఖ్యలు కనిపించును: ఒకటి తయారీదారునిది, ఒకటి వస్తువుది. ప్రొలిఫిక్ చిప్పునకు మొదటిది 067బి, రెండవది 2303. ఇదియే దాని ఇంటిపేరు, సొంతపేరు. ఆ సంఖ్యలను పట్టుకొని తయారీదారు స్థానమునందే తొలుత వెదకవలెను. కార్డుతో వచ్చిన సీడీ అటుకమీద ఉన్నదేమో చూడవలెను. ఊరుపేరు లేని చోట ఉచితముగా దొరకు డ్రైవరును తెచ్చుట, దారినపోవు వానికి ఇనుపపెట్టె తాళము ఇచ్చుట వంటిది.

దొరికిన పిమ్మట గ్రాహకమును తగిలింపక ముందే డ్రైవరును నిలిపి, తరువాత తీగ తగిలింపవలెను. విండోసు తనంత తాను కొత్త డ్రైవరును తెచ్చిపెట్టినచో, జాబితా నుండి ఎంచుకొను పద్ధతిలో పాతదానిని చేతితో ఎన్నుకొనవలెను. అప్పటికిని లొంగనిచో లినక్సు పద్ధతిని ప్రయత్నింపవచ్చును. ఆ పాత చిప్పునకు డ్రైవరు లినక్సు కెర్నెలులోనే ఉన్నది, జి.పి.ఎస్.డి. అను ఉచిత సాధనము గ్రాహకము మాటలను అందుకొనును. పెట్టెలోపల గ్రుచ్చు ఐ.ఎస్.ఎ. కార్డునకైతే, దానినాటి కంప్యూటరునే ఇంటర్నెట్టునకు తగిలింపక కాపాడుకొనుట మేలు. చివరగా ఓపిక కావలెను. ఉపగ్రహము తన సందేశమును సెకనునకు ఏబది బిట్ల చొప్పున పంపును. మొత్తము వినుటకు పన్నెండున్నర నిమిషములు పట్టును. ఏండ్లకొలది నిద్రించిన కార్డును పైకప్పు క్రింద రెండు నిమిషములుంచి, డ్రైవరు చెడ్డదని నిందింపరాదు.

ఇంత శ్రమ ఎందులకు, కొత్త గ్రాహకము కొనరాదా యని కొందరందురు. దారి చూచుకొనుటకైతే కొనవచ్చును. పాత కార్డులోను, దాని సొంత లిపిలోని దస్త్రములలోను పూర్వపు కొలతలున్నప్పుడు ఆ మాట చెల్లదు. ఒక్కొక్క తయారీదారు తన కొలతలను తన సొంత లిపిలో దాచును. వెనుకటి కరణముల గొలుసుకట్టు వ్రాతను శ్రోతలు ఎరుగుదురు. కలమెత్తకుండ అక్షరము వెంట అక్షరము వ్రాసుకొనిపోవు ఆ లిపి కరణమునకు అరటిపండు వలిచినట్లుండెడిది. 1984లో కరణీకములు రద్దైనవి. నేడా వ్రాతను తడుముకొనకుండ చదువువారెందరు? లెక్క ఉన్నది, చదువరి లేడు. మా వంటి ప్రసారకులకు ఈ బాధ అనుభవమే. టేపు నిలిచియున్నను దానిని పలికించు యంత్రము మూలబడిన సందర్భములు ఈ వృత్తిలో ఎవరికైనను ఎదురగును.

శాస్త్రజ్ఞులు ఈ కష్టమును ముందే గుర్తించిరి. 1983లో అమెరికా నౌకా ఎలక్ట్రానిక్సు సంఘము ఎన్.ఎం.ఇ.ఎ. 0183 అను ఉమ్మడి భాషను ఏర్పరచినది. అందు ప్రతి వాక్యమును డాలరు గుర్తుతో మొదలగును. 82 అక్షరములకు మించదు. చివర సరిచూచుకొను సంఖ్య ఉండును. వేళ, అక్షాంశము, రేఖాంశము, ఎత్తు అన్నియు మామూలు అక్షరములలోనే. 1989లో యూరపు ఖండమంతట జరిగిన ఒక కొలతలో నలుగురు తయారీదారుల గ్రాహకములు అరువదికి పైగా పాల్గొనవలసి వచ్చినది. ఒకదాని మాట ఒకదానికి తెలియదు. అప్పుడు స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయమునందు వెర్నర్ గుర్ట్‌నర్ రైనెక్స్ అను ఉమ్మడి రూపమును కూర్చెను. ఇదియు సాదా అక్షరములే. గ్రాహకము పోయినను, డ్రైవరు పోయినను రైనెక్స్ పత్రమును చదువవచ్చును. బ్రౌన్ దొర వ్రాయించిన నకళ్లు ఎట్టివో ఇది అట్టిది.

ఒక హెచ్చరిక. అంకెలు చదువగలిగినంత మాత్రమున చాలదు. అవి ఏ మూలము నుండి కొలిచినవో తెలియవలెను. మన పాత సర్వే పటములకు ఆధారము ఎవరెస్టు దొర 1830లో లెక్కించిన భూగోళాకృతి. ఉపగ్రహములు వాడునది డబ్ల్యు.జి.ఎస్. 84 అను వేరొక ఆకృతి. 2005 జాతీయ పటవిధానము తరువాతనే ప్రజలకు ఇచ్చు సర్వే పటములు ఈ రెండవ పద్ధతిలోనికి వచ్చినవి. మన ప్రాంతమున ఈ రెంటికి నడుమ తేడా నూరు మీటర్లకు పైబడి ఉండును. ఎ.కొండూరు వంటి చోట నూరు మీటర్లనగా ఒకని మామిడితోట వేరొకని జొన్నచేనులో పడుట. కార్డు సాధనములో ఏ ఆకృతి ఎంచియున్నదో చూచి, కొలతతోపాటు దానిని వ్రాసియుంచవలెను.

మేము విన్నవించునది ఇంతే. ఏ కార్యాలయమునందైనను, కళాశాలయందైనను, స్వంత సర్వేయరు ఇంటనైనను పాత ఉపగ్రహ గ్రాహకమున్నచో దానిని పారవేయుటకు ముందు అందలి కొలతలను రైనెక్స్ రూపమునకో, సాదా అక్షరములకో మార్చుడు. డ్రైవరు ప్రతి ఒకటి, చిప్పు సంఖ్యలు వ్రాసిన చీటీ ఒకటి గ్రాహకముతోనే కట్టి ఉంచుడు. కొలిచిన తేదీని ఉపగ్రహము మాటపై విడువక చేతితో వ్రాయుడు. ముఖ్యమైన హద్దుల అంకెలను కాగితము మీదను ఎక్కించుడు. హద్దు తగవు కొన్న ఏడాదిలోనే రావలెనని లేదు. తండ్రి కొలిపించిన గట్టు మీద మనుమడు కోర్టున నిలువవచ్చును. ఆనాడు గొలుసు సర్వేయరు వ్రాసిన లింకులు చదువబడి, ఉపగ్రహము చెప్పిన సెంటీమీటర్లు చదువబడకపోయినచో నష్టపోవునది ఆ రైతు.